రాకబిల్లీ రికార్డు కొనేముందు: ఏది ముందు, ఏది తరవాత, ఏది అసలే వద్దు

మా పిన్ని కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, టర్న్‌టేబుల్ కొన్నాను. రాక్ అండ్ రోల్ రికార్డు ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటే" అన్నాడు. నేను ఆలోచించుకునేలోపే వాడే ఒక లింకు పంపాడు. మూడు ఎల్‌పీల (పెద్ద వినైల్ ప్లేట్ల) సెట్టు, అరవై పాటలు, ఎల్విస్ నుంచి లిటిల్ రిచర్డ్ దాకా అందరూ ఉన్నారు. "ఇందులో అరవై ఉన్నాయి. నువ్వు మెచ్చుకునే వాటిలో పన్నెండేసి ఉంటాయి, పైగా ధర ఎక్కువ. ఎందుకు?" అని వాడి బేరం.

వాణ్ని తప్పుపట్టలేను. నేను మొదట కొన్నదీ అలాంటిదే. అట్ట మీద గిటార్ పట్టుకుని వంగి నడుస్తున్న చక్ బెర్రీ, వెనక ఇరవై పాటల జాబితా, పైన "ఒరిజినల్ ఆర్టిస్ట్" అని బంగారు రంగు అక్షరాలు. ఇంటికొచ్చి సూది పెడితే పాట అదే, గొంతూ అదే, కానీ ఉప్పు తక్కువైన పులిహోరలా ఉంది. రెండు మూడు నెలలు నా చెవుల్నే అనుమానించాను. తరవాత తెలిసింది, అవి అసలు రికార్డింగులు కావని. ఏళ్లు గడిచాక ఆయనే మళ్లీ పాడినవట.

ఈ సంగీతంలో ఇది మామూలే. గాయకుడు కంపెనీ మారితే పాత టేపులు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయేవి. అందుకని కొత్త కంపెనీ అతనితో పాత హిట్లనే మళ్లీ పాడించుకునేది. చక్ బెర్రీ చెస్ కంపెనీని వదిలి మెర్క్యురీకి వెళ్లాక 1967లో తన పాత పాటలతో అలాంటి ఆల్బమ్ వచ్చింది. జెర్రీ లీ లూయిస్ 1964లో స్మాష్ అనే లేబుల్‌కి, అంటే రికార్డు కంపెనీకి, అదే చేశాడు. లిటిల్ రిచర్డ్ అయితే ఒక్కసారితో ఆగలేదు. చవక సంకలనాల్లోకి దొడ్డిదారిన వచ్చేవి చాలావరకు ఇలాంటివే. "ఒరిజినల్ ఆర్టిస్ట్" అంటే పాడింది అతనే అని మాత్రమే అర్థం. "ఒరిజినల్ రికార్డింగ్" అని ఉందా, ప్రతి పాట పక్కన ఏడాది, లేబుల్ పేరు ఉన్నాయా అన్నది చూడాలి. అవి లేని అట్టని నేను ఇప్పుడు చేత్తో కూడా ముట్టుకోను.

ఆ దెబ్బ తిన్నాక నాకు ఒక అలవాటు పట్టుకుంది. రికార్డులో ఎన్ని పాటలున్నాయో లెక్కపెట్టడం మానేసి, అవి ఏ ఏడాది, ఏ గదిలో, ఎంతమందితో టేపుకెక్కాయో చూస్తాను. కింద చెప్పేదంతా ఆ చూపుతోనే.

ముందు మీ చెవి ఏ గట్టున ఉందో తేల్చుకోండి

రాకబిల్లీని, రాక్ అండ్ రోల్‌ని చాలామంది ఒకే గాటన కట్టేస్తారు. అన్నదమ్ములే, కాదనను, కానీ ఒకే ఇంట్లో పెరగలేదు. రాక్ అన్న మాటకి హిల్‌బిల్లీ తోకని అతికిస్తే వచ్చిన పేరు రాకబిల్లీ. అమెరికా దక్షిణాదిలో పేద తెల్లవాళ్ల కంట్రీ పాట, పక్క వీధిలో వినిపించే నల్లవాళ్ల బ్లూస్ కలిసి 1954 ప్రాంతంలో మెంఫిస్‌లో రూపు కట్టింది. ఇందులో మనుషులు తక్కువ. ఒక గొంతు, ఒక ఎలక్ట్రిక్ గిటార్, మనిషంత ఎత్తు డబుల్ బేస్. డ్రమ్స్ ఉంటే ఉంటాయి, లేకపోయినా బండి నడుస్తుంది. బేస్ వాయించేవాడు తీగను లాగి వదులుతాడు, అది కింది చెక్కకి టక్కుమని తగులుతుంది. దాన్ని స్లాప్ అంటారు. డ్రమ్మరు చేయాల్సిన పనిని ఆ టక్కు చేస్తుంది.

రాక్ అండ్ రోల్ పెద్ద కుటుంబం. న్యూ ఓర్లీన్స్‌లో పియానో, శాక్సఫోన్లు, గోడలు అదిరే డ్రమ్స్. షికాగోలో చక్ బెర్రీ గిటారూ, కథలు చెప్పే పాటలూ. న్యూయార్క్‌లో రికార్డు చేసిన బిల్ హేలీ బ్యాండు.

కొనేముందు ఫోన్‌లో రెండు పాటలు వినండి. ఎల్విస్ 1954లో పాడిన "బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ", లిటిల్ రిచర్డ్ 1955లో పాడిన "టుట్టీ ఫ్రూటీ". మొదటిదానికి మడమ తనంతట తానే ఊగితే మీది రాకబిల్లీ చెవి. రెండోదానికి కుర్చీలోంచి లేస్తే రాక్ అండ్ రోల్. రెండింటికీ ఏమీ కాకపోతే డబ్బు మిగిలింది, సంతోషించండి.

ఎల్విస్: సన్ టేపులా, 1956 ఆల్బమా?

అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

మెంఫిస్‌లో 706 యూనియన్ అవెన్యూ. సామ్ ఫిలిప్స్ 1950లో అక్కడ చిన్న రికార్డింగ్ స్టూడియో తెరిచాడు. సన్ అన్నది అతని లేబుల్ పేరే. 1954 జూలై 5న పంతొమ్మిదేళ్ల ఎల్విస్, గిటార్‌తో స్కాటీ మూర్, బేస్‌తో బిల్ బ్లాక్ ఆ గదిలో ఉన్నారు. అప్పటిదాకా పాడిన నెమ్మది పాటలు ఒక్కటీ కుదరలేదు. మధ్యలో ఆటగా ఎల్విస్ "దట్స్ ఆల్ రైట్" అందుకున్నాడు, మిగతా ఇద్దరూ జతకలిశారు. సామ్ అది విని, మళ్లీ మొదటినుంచి వాయించమని టేపు తిప్పాడు. అది ఆర్థర్ క్రూడప్ అనే నల్ల గాయకుడి బ్లూస్. రికార్డు రెండో వైపున వేసిన "బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ" బిల్ మన్రో అనే తెల్ల గాయకుడిది, మూడు దెబ్బల నడకలో సాగే పాట. దాన్ని వీళ్లు నాలుగు దెబ్బల పరుగులోకి మార్చేశారు. సన్ 209 నంబరుతో వచ్చిన ఆ ఒక్క ప్లేటుకి రెండు వైపులా రాకబిల్లీ జాతకం మొత్తం ఉంది.

సన్ రికార్డుల్లో వినిపించే ఆ ప్రతిధ్వనికి స్లాప్‌బ్యాక్ అని పేరు. సామ్ రెండో టేపు మిషను పెట్టాడు. టేపు మీద రాసే హెడ్డు ఒకచోట, చదివే హెడ్డు కాస్త అవతల ఉంటాయి. టేపు ఆ కాస్త దూరం జరిగేంతలో, అంటే రెప్పపాటు ఆలస్యంతో, అదే గొంతు మళ్లీ వినిపిస్తుంది. దాన్ని అసలు గొంతుతో కలిపేశాడు. ముగ్గురు మనుషులు ఆరుగురిలా వినిపిస్తారు, అయినా గది చిన్నదేనని తెలిసిపోతుంది.

1955 నవంబరులో ఆర్‌సీఏ కంపెనీ సామ్‌కి 35,000 డాలర్లిచ్చి ఎల్విస్ కాంట్రాక్టు కొనుక్కుంది. వాళ్లకి ఈ ప్రతిధ్వని చిక్కలేదు. 1956 జనవరిలో నాష్‌విల్‌లో "హార్ట్‌బ్రేక్ హోటల్" తీసినప్పుడు హాలు బయటి నడవలోని ప్రతిధ్వనిని వాడుకున్నారు. తేడా చెవికి తెలుస్తుంది. సన్‌లో ప్రతిధ్వని గొంతుకి అంటుకుని ఉంటుంది, ఇక్కడ బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఆ పాటకి అదే అందం, అది వేరే సంగతి.

1956 మార్చిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో పన్నెండు పాటలుంటే ఏడు ఆర్‌సీఏ తీసినవి, ఐదు సన్ దగ్గర మిగిలిపోయిన టేపులు. రాక్ అండ్ రోల్ ఆల్బమ్ ఒకటి బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లడం దీనితోనే మొదలు, పది వారాలు అక్కడే కూర్చుంది. చరిత్ర కావాలంటే ఇది కొనండి. రెండు రకాల శబ్దాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చెవికి మంచి సాధన కూడా. కానీ వినడానికి ఒక్కటే అంటే నా ఓటు సన్ టేపులకే. ఎల్‌పీ అయితే ఆర్‌సీఏ 1976లో తెచ్చిన "ది సన్ సెషన్స్", సీడీ అయితే 1999లో వచ్చిన రెండు డిస్కుల "సన్‌రైజ్". సీడీలో ఎక్కువ పాటలుంటాయి, ఎల్‌పీలో వినాల్సినవి ఉంటాయి.

1956 ఆల్బమ్‌నే పాతది కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. అసలు మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే) ముద్రణ నంబరు ఎల్‌పీఎం-1254. 1962లో దాన్నే దొంగ స్టీరియోగా మార్చి ఎల్‌ఎస్‌పీ-1254 అనే నంబరుతో, చివర బ్రాకెట్లో "ఇ" అక్షరం తగిలించి అమ్మారు. మోనో టేపును రెండుగా చీల్చి ఒక స్పీకరుకి మంద్రం, ఇంకోదానికి తారం ఎక్కువగా పంపడమే ఆ స్టీరియో. స్టీరియో అంటే గొప్ప అనుకుని ఎక్కువ డబ్బు పెట్టిన మిత్రుడొకడు నాకున్నాడు. ఇప్పుడు దాన్ని గోడకి తగిలించాడు, అట్ట బాగుంటుందని.

ఆ ఆల్బమ్‌లో మొదటి పాట "బ్లూ స్వేడ్ షూస్" అసలు కార్ల్ పెర్కిన్స్‌ది. సన్ స్టూడియోలోనే 1955 డిసెంబరులో తీశారు. ఈ రెండింటినీ వెంటవెంటనే వినండి. ఎల్విస్ వేగంగా, ఊపిరి తీసుకోకుండా దూసుకుపోతాడు. పెర్కిన్స్ మొదటి మాటల తరవాత ఆగుతాడు, ఆ ఖాళీలో గిటార్ దెబ్బ పడుతుంది, మళ్లీ నడుస్తాడు. పత్తి చేలల్లో పెరిగిన మనిషి శనివారం రాత్రి బూట్లు తుడుచుకుని బయల్దేరిన నడక అది. నాకు ఎప్పటికీ పెర్కిన్సే. పాట మంచి ఊపు మీద ఉండగా, 1956 మార్చిలో టీవీ షో కోసం న్యూయార్క్ వెళ్తుంటే కారు ప్రమాదమై ఆస్పత్రిలో పడ్డాడు. ఆ ఖాళీలోనే ఎల్విస్ పాట జనంలోకి వెళ్లింది. సన్ 1957లో తెచ్చిన పెర్కిన్స్ "డాన్స్ ఆల్బమ్"లో పాడేది, గిటార్ వాయించేది ఆయనే. బీటిల్స్ తరవాత పాడుకున్న "మ్యాచ్‌బాక్స్", "హనీ డోంట్" కూడా ఇందులోవే. గిటార్ నేర్చుకునే పిల్లలు ఎవరైనా ఇంట్లో ఉంటే ఎల్విస్ కంటే ముందు ఇదే కొనమంటాను.

గిటార్ కోసమే కొంటే

జీన్ విన్సెంట్ "బ్లూజీన్ బాప్", జానీ బర్నెట్ "రాక్ ఎన్ రోల్ ట్రయో". రెండూ 1956వే, రెండిటి కీర్తీ గిటార్ మీదే నిలబడింది. అయినా ఒకదానికి ఇంకోదానికి పోలిక లేదు.

విన్సెంట్ వెనక గిటార్ వాయించింది క్లిఫ్ గాలప్. పెళ్లయిన మనిషి, ఊళ్లు తిరగడం ఇష్టంలేక ఆ ఏడాదే బ్యాండు వదిలేశాడు. ఆ కాస్త కాలంలో వాయించినదాన్ని జెఫ్ బెక్ అంతటి గిటారిస్టు గుండెలకు హత్తుకుని, 1993లో ఏకంగా ఒక ఆల్బమ్ నిండా మళ్లీ వాయించాడు. గాలప్ స్వరాలు నూనె రాసిన పూసల్లా జారతాయి, ఒక్కటీ మసకబారదు. చిక్కేమిటంటే, అసలు ఎల్‌పీలో "బీ-బాప్-ఎ-లూలా" లేదు! అది సింగిల్‌గానే, అంటే విడి పాట ప్లేటుగానే, వచ్చింది. కాబట్టి ఇక్కడ నా సలహా తిరగబడుతుంది. అసలు ఎల్‌పీ నకలు కన్నా అదనపు పాటలు చేర్చిన సీడీ మేలు. "బీ-బాప్-ఎ-లూలా" మధ్యలో ఒక కేక వినిపిస్తుంది. అది డ్రమ్మరు డికీ హారెల్‌ది, అప్పటికి పదిహేనేళ్లవాడు. రికార్డులో ఉన్నది తనేనని వాళ్లమ్మకి తెలియాలని అరిచాడట.

బర్నెట్ ట్రయో మోటు. "ట్రెయిన్ కెప్ట్ ఎ-రోలిన్" లో గిటార్ చిరిగిన స్పీకరులోంచి వచ్చినట్టు గరగరలాడుతుంది, గాయకుడు గొంతు చించుకుంటాడు. ఆ గిటార్ పాల్ బర్లిసన్‌దా, స్టూడియో వాద్యకారుడు గ్రేడీ మార్టిన్‌దా అని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటలో నేను తలదూర్చను. కోరల్ లేబుల్ తెచ్చిన అసలు ఎల్‌పీ మనకు అందే ధరలో దొరకదు, రీఇష్యూ (తరవాత మళ్లీ అచ్చువేసినది) చాలు. పంక్, గరాజ్ రాక్ వినేవాళ్లు ఇక్కడినుంచి మొదలుపెడితే ఇల్లు చేరినట్టుంటుంది. మిగతావాళ్లు విన్సెంట్‌తో మొదలుపెట్టండి.

ఆడగొంతు కావాలంటే ఎక్కువ వెతక్కండి. వాండా జాక్సన్, "రాకిన్ విత్ వాండా", 1960. ఆమె "ఫ్యూజియామా మామా"లో హిరోషిమా, నాగసాకి పేర్లున్నా జపాన్‌లోనే అది పెద్ద హిట్ అయింది. అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాక్ అండ్ రోల్ గట్టున

లిటిల్ రిచర్డ్ విషయంలో తర్జనభర్జన లేదు. 1957లో స్పెషాల్టీ లేబుల్ తెచ్చిన "హియర్స్ లిటిల్ రిచర్డ్" కొనండి. పన్నెండు పాటలు, అరగంట కూడా ఉండదు. చాలా పాటలు న్యూ ఓర్లీన్స్‌లో కోసిమో మటాసా స్టూడియోలో తీసినవి. అక్కడి ఎర్ల్ పామర్ డ్రమ్స్ వింటే, తరవాత వచ్చిన రాక్ డ్రమ్మర్లంతా ఎవరి దగ్గర అప్పు చేశారో అర్థమవుతుంది.

చక్ బెర్రీకి మాత్రం సంకలనమే సరైనది. ఆయన ఒక్కో పాటగా ఆలోచించిన మనిషి, ఆల్బమ్‌లు నింపుడు పాటలతో వచ్చేవి. 1982లో చెస్ తెచ్చిన "ది గ్రేట్ ట్వంటీ ఎయిట్"లో 1955 నుంచి 1965 దాకా అసలు టేపులే ఉన్నాయి. నేను మోసపోయిన రికార్డు స్థానంలో ఇప్పుడు ఇది ఉంది.

జెర్రీ లీ లూయిస్ దగ్గర నిజమైన ఎంపిక ఉంది. సన్‌లో 1957లో తీసిన "హోల్ లాటా షేకిన్ గోయిన్ ఆన్"లో పియానో, గిటార్, డ్రమ్స్ మధ్య గాలి ఆడుతుంది, మధ్యలో గొంతు తగ్గించి గుసగుసలాడతాడు. ఇంకోవైపు 1964 ఏప్రిల్ 5న జర్మనీలోని హాంబుర్గ్‌లో స్టార్ క్లబ్‌లో తీసిన లైవ్ రికార్డు. అప్పటికి అతని పేరు మట్టిలో కలిసింది. పదమూడేళ్ల బంధువుల అమ్మాయిని పెళ్లాడాడని 1958లో బయటపడి రేడియోలు, హాళ్లు మొహం చాటేశాయి. అందులో నాకు జాలిపడేదేమీ కనిపించదు. కానీ ఆ రాత్రి హాంబుర్గ్‌లో, నాష్‌విల్ టీన్స్ అనే పేరున్న ఇంగ్లిష్ బ్యాండు వెనకపడి పరిగెత్తలేక రొప్పుతుంటే, ఈయన పియానోని విరగ్గొట్టేవాడిలా వాయించాడు. మైకులు ఎర్రగీత దాటాయి, జనం అరుపులు పాటలోకి వచ్చేశాయి. నా దగ్గరున్న లైవ్ రికార్డులన్నింటిలో ఇంత ప్రమాదకరమైనది లేదు. మొదటి రికార్డుగా మాత్రం వద్దు. ఆవకాయతో అన్నప్రాశన చెయ్యం కదా.

బడ్డీ హోలీ: ఆయన బ్యాండు క్రికెట్స్ పేరుతో వచ్చిన 1957 నాటి "ది చర్పింగ్ క్రికెట్స్"లో తరవాత అతికించిన కోరస్ గొంతులున్నాయి. "నాట్ ఫేడ్ అవే"లో డ్రమ్స్‌కి బదులు అట్టపెట్టె వాయించారు, ఆ పాట కోసమైనా వినాలి. కోరస్ "ఊ"లు విసుగు పుట్టిస్తే 1958లో ఆయన సొంత పేరుతో వచ్చిన ఆల్బమ్ తీసుకోండి. "పెగ్గీ స్యూ" అందులోనే ఉంది. "ఎవ్రీడే"లో తాళం అంటే మోకాళ్ల మీద చప్పట్లే.

పాత శబ్దం వద్దు, శుభ్రంగా కావాలి అనేవాళ్లకి

అదీ తప్పు కాదు. 1980లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ కుర్రాళ్లు ముగ్గురు లండన్ వెళ్లి స్ట్రే క్యాట్స్‌గా పేరు తెచ్చుకున్నారు. 1981లో వాళ్ల మొదటి బ్రిటిష్ ఆల్బమ్ వచ్చింది. అమెరికాలో 1982లో వచ్చిన "బిల్ట్ ఫర్ స్పీడ్" ప్రధానంగా బ్రిటిష్ ఆల్బమ్‌లు రెండింటి నుంచి ఏరిన మూట. హిట్లు కావాలంటే అది, ఆకలి మీదున్న బ్యాండు కావాలంటే మొదటిది. నేను మొదటిదానివైపు. ద క్రాంప్స్ అనే బ్యాండు 1980 ఆల్బమ్ దెయ్యాల సినిమాకి రాకబిల్లీ వేషం వేసినట్టుంటుంది, బేస్ గిటార్ అసలే లేదు. స్లాప్ బేస్ కోసం వచ్చినవాళ్లకి నిరాశే, నాలాంటి పిచ్చివాళ్లకి పండగ.

ఏ ముద్రణ, ఎక్కడినుంచి

1950ల నాటి రికార్డింగులకి యూరప్‌లో కాపీరైట్ తీరిపోయింది. అక్కడ యాభై ఏళ్ల గడువును 2013లో డెబ్భై చేసినా, 1963కి ముందు విడుదలైన వాటికి అది వర్తించలేదు. మన దేశంలోనూ సౌండ్ రికార్డింగుకి గడువు అరవై ఏళ్లే. అందుకే ఎవరుబడితే వాళ్లు ఈ పాటల్ని అచ్చువేయొచ్చు. అసలు టేపు దగ్గరికి వెళ్లాల్సిన అవసరం వాళ్లకి లేదు, సీడీలోంచి ఎత్తి వినైల్ మీద పోసినా అడిగేవాళ్లు లేరు. మా వాడు పంపిన అరవై పాటల సెట్టు ఈ గుంపులోదే. అట్ట మీద ఎక్కడా ఒక్క ఏడాది లేదు.

1975లో మొదలైన జర్మనీ కంపెనీ బేర్ ఫ్యామిలీ, లండన్‌లోని ఏస్ వేరే రకం. టేపు ఎక్కడిది, ఆ రోజు ఎవరు వాయించారు అన్నది పుస్తకంతో సహా ఇస్తారు. బేర్ ఫ్యామిలీ పెద్ద పెట్టెలు మాత్రం తొందరపడి కొనకండి. ఒకే పాట పది టేకులు వినే ఓపిక వచ్చాకే వాటి జోలికి వెళ్లాలి.

వినైలా, సీడీయా అంటే, ఈ సంగీతానికి నేను సీడీ అనే అంటాను, వినైల్ అభిమానులు తిట్టుకున్నా సరే. ధర తక్కువ, సింగిల్స్ అన్నీ ఒకచోట ఉంటాయి, వానాకాలం బూజు బాధ లేదు. పైగా బయటి దేశం నుంచి ఎల్‌పీ తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిసి ఒక్కోసారి రికార్డు ధరనే దాటిపోతాయి. వినైలే కావాలంటే మోనో ఎంచుకోండి, నిలువుగా నిలబెట్టి దాచండి. స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు ఆల్బమ్ పక్కన ఏడాదిని నమ్మకండి, అది చాలాసార్లు రీఇష్యూ ఏడాదే.

రివ్యూలు చదివేటప్పుడు నేను చూసేది ఒకటే. గిటార్ వాయించినవాడి పేరు చెప్పాడా, లేక "అద్భుతం, మహాద్భుతం" దగ్గరే ఆగాడా అని.

మా వాడికి చివరికి "ది సన్ సెషన్స్" చెప్పాను. సణుక్కుంటూనే కొన్నాడు. మొన్న ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్.

"అన్నా, మొదటి పాటలో డ్రమ్మరు ఎవరు? అట్ట మీద పేరు కనపడట్లేదు."

"డ్రమ్మరు లేడురా."

"మరి ఆ టక్కు టక్కు?"

"బేస్. బిల్ బ్లాక్."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత సూది ఎత్తి మళ్లీ మొదట్లో పెట్టిన గీరుడు చప్పుడు వినిపించింది.